దట్టీ కట్టని పీరు

గుండ్లవాగు పొంగి పెద్దమడుగు ఊరి పిండిగిర్నిని ఊడ్చుకుపోయిన ఏడాది తర్వాతి ఎండాకాలం అది. పీర్ల పండుగ మంటలాంటి ఎండల్లో వచ్చింది.

పండుగ పదో రోజు పొద్దున, షాద్‌నగర్‌లో రైలు పట్టాల పక్క కిరాయి గదిలో డ్యాము సర్వర్లు చూసే లింగస్వామి అనే కంప్యూటర్ ఇంజినీరు చాయ్ తాగాడు. సగం తాగి గ్లాసు పెట్టాడు. నాలుక మొద్దుబారింది. చాయ్‌లో ఏదో కలిసిందని తెలిసింది. కాళ్లు రాలేదు. ఫోన్ దాకా పాకాడు. ఆ క్షణంలో అతనికి గుర్తున్న నంబరు ఒక్కటే.

నల్లగొండలో కాటమయ్య ఫోన్ ఎత్తాడు.

"గేట్లు..." అన్నాడు లింగస్వామి. "గుండ్లవాగు గేట్లు. ప్రాక్సీ మార్చిండ్రు. ఇయ్యాలనే. మూడు గంటల జాబ్... పీర్లు వాగు దిగేటప్పుడు..."

తర్వాత గ్లాసు దొర్లిన చప్పుడు. తర్వాత ఎవరో లోపలికి నడిచి వచ్చిన చప్పుడు. ఫోన్‌ను మెల్లగా, మర్యాదగా పెట్టేశారు.

కాటమయ్య దుకాణం బోర్డు మీద 'పంపుల మరమ్మతు' అని ఉంటుంది. లోపల మరమ్మతుకు వచ్చిన పంపు ఒక్కటీ ఉండదు. దేశం కోసం చీకట్లో పనిచేసే డిపార్ట్‌మెంటుకు ఈ రెండు జిల్లాల చీఫ్ ఆయనే. ఆయన ఏజెంట్ నూరుద్దీన్ ఎదురుగా కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి.

"కోబాల్ట్," అన్నాడు చీఫ్.

నూరుద్దీన్ తలెత్తాడు. కోబాల్ట్ విదేశీ ముఠా. డ్యాములను, కరెంటు గ్రిడ్లను, రైలు సిగ్నళ్లను నడిపే సర్వర్లలో దొంగదారులు వేసి అమ్ముకుంటుంది. ఇక్కడ దాని మనిషి రీనర్ అనే తెల్లవాడు.

"వరద నాడు కరెంటు పోయి గుండ్లవాగు గేట్లు లేవలే. కట్ట తెగబోయింది. గందుకే సర్కారు ఆడ సర్వర్ పెట్టించింది," అన్నాడు కాటమయ్య. "గంటకోసారి ఆటోమేషన్ జాబ్ నడుస్తది. ఎగువ వాగుల నీళ్లెంత ఉన్నయని హైదరాబాద్ మిషన్‌ను అడుగుతది. ఎక్కువున్నయంటే గేట్లు లేపుతది. మనిషి చెయ్యి పెట్టే పని లేదు."

"మంచిదే కద."

"మంచిదే. కాని సర్వర్ నేరుగా అడుగదు. నడుమ ఇంకో మిషన్ ఉంటది. ప్రాక్సీ అంటరు. పెండ్లి మాట్లాడే మధ్యవర్తి అనుకో. ఈ ఇంటి మాట ఆ ఇంటికి, ఆ ఇంటి మాట ఈ ఇంటికి. ఎవల్ని మధ్యవర్తిగ పెట్టుకోవాల్నో సర్వర్ల ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చెప్తది. ఒక పేరు, దానెదురుంగ ఒక అడ్రస్. గంతే. ఆ అడ్రస్ మారిస్తే మధ్యవర్తి మారుతడు."

"మధ్యవర్తి అబద్ధం చెప్తే?"

"రెండిండ్లు మునుగుతయ్. మూడింటికి కోబాల్ట్ ప్రాక్సీ 'ఎగువ వరదొస్తాంది' అంటది. నిండిన డ్యాము గేట్లన్నీ ఒక్కసారి లేస్తయ్. ఆ టైముకు చుట్టుపక్క ఊర్ల జనమంత ఎండిన వాగుల ఉంటరు, పీర్లతోని. ఎండాకాలం నీళ్లొస్తయని ఎవనికి అనుమానం ఉంటది?"

"ఎందుకు సార్ ఇది?"

"శాంపిల్. కొనేటోళ్లు చూస్తుండ్రు. ఇది నడిస్తే ఇసొంటి సర్వర్ ఉన్న ప్రతి డ్యాము అమ్ముడు పోతది."

నూరుద్దీన్ ముందుకు వంగాడు.

"సర్వర్ వైరు పీకితే?"

"గేట్లు లేస్తయ్. సర్వర్ సచ్చినా, ప్రాక్సీ జవాబు చెప్పకపోయినా, కట్టను కాపాడెతందుకు గేట్లు లేవాలె అని రాసిండ్రు. పోలీసు జీపు కనబడ్డా కోబాల్ట్ ఆగదు, ప్రాక్సీని బంద్ చేస్తది. ఆ వేరియబుల్ ఒక్కటి సక్కగ చేయాలె. వేరే తొవ్వ లేదు."

నూరుద్దీన్ లేచాడు. చీఫ్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అక్క ఆడనే దుకాణం పెడ్తది కద?"

"ఏటా పెడ్తది."

"చెప్పొద్దు. ఒక్కరికి చెప్తే వాగంత తెలుస్తది. కోబాల్ట్‌కు సుత తెలుస్తది." చెయ్యి వదిలాడు. "డ్యాం కాడ జానమ్మ ఉంటది. కంప్యూటర్ కంపెనీ ఇంజినీరుగ పోయింది. కోబాల్ట్ ఆమెను తమ మనిషనుకుంటాంది. ఆమె మనది."

తలుపు దగ్గర నూరుద్దీన్ ఆగాడు.

"అనుకుంటున్న," అన్నాడు కాటమయ్య.

*

వేషం పెద్ద కష్టం కాలేదు. గళ్ల లుంగీ, పెట్టుడు గడ్డం, నెత్తిన రేకు పెట్టె. పెట్టెలో పైన ఎర్రవి, పచ్చవి దట్టీలు, పీర్లకు మొక్కి కట్టే గుడ్డలు. వాటి అడుగున దొంగ పలక. పలక కింద ల్యాప్‌టాప్. చేతిలో ఊదుదాని. దాని పిడిలో వైర్‌లెస్. మాట్లాడాలంటే ముందు పొగ వేయాలి. పొగ లేని ఊదుదానితో మాట్లాడేవాణ్ణి జనం పిచ్చోడనుకుంటారు.

గుండ్లవాగు ఇసుక తెల్లగా మెరుస్తోంది. నీటి చుక్క లేదు. అప్పటికే బండ్లు దిగాయి. మిఠాయి దుకాణాలు, రంగుల రాట్నం, పిల్లల బూరలు. పైన, మలుపు అవతల, డ్యాము గోడ నల్లగా నిలబడి అన్నీ చూస్తోంది.

వాగు నడుమ చాప పరిచి ఇక్బాల్ బీ దట్టీలు, ఊదు అమ్ముతోంది. తమ్ముణ్ణి పెంచింది ఆమే. అతను ఫ్యాన్ల కంపెనీలో పనిచేస్తాడని నమ్ముతుంది. గడ్డం ఆమెను ఒక్క చూపు కూడా మోసం చేయలేదు.

"వచ్చినవా నూరూ? ఏందిరా ఈ మేక గడ్డం? మీ ఫ్యాన్ల కంపెనీల బ్లేడ్లు దొరుకుతలేవా?"

"మొక్కు, అక్కా."

"నెత్తిమీద దట్టీలేంది? నా ముందట్నే దుకాణం పెట్టి నా పొట్ట మీద కొడ్తవా?"

"అక్కా, ఇయ్యాల ఈడ కూసోకు. ఒడ్డు మీదికి రా."

"ఒడ్డు మీద ఎవలు కొంటరు? నక్కలా?"

"జర నా మాట ఇను."

"ఇంటున్న, చెప్పు. ఎందుకు?"

నూరుద్దీన్ చెప్పబోయి ఆగాడు. చీఫ్ చెయ్యి ఇంకా మణికట్టు మీద ఉన్నట్టే ఉంది.

"నీళ్లు గిట్ల వస్తే..."

ఇక్బాల్ బీ పగలబడి నవ్వింది. పక్కన మిఠాయి అమ్మే బాలనర్సమ్మ కూడా నవ్వింది.

"ఎండల నీళ్లట, బాలనర్సమ్మా! పీర్లను కడుగుతందుకు చెలిమె తోడి తోడి నడుములు పడిపోయె. గంత పెద్ద డ్యాము నిండ నీళ్లు పెట్టుకొని సర్కారు బిందెడు ఇడువదు. ఇగ వీడు వరదొస్తదంటడు!"

"మీ తమ్మునికి ఎండ తాకినట్టున్నది, పిల్లా."

"వీడు చిన్నప్పటి సంది గంతే. నాయినకు జెరమొస్తే ఇమాం కాసీం పీరుకు దట్టీ మొక్కిండు. మొక్కి, ఉరికిపోయి పక్క పీరుకు కట్టిండు. 'నా దట్టీ కట్టిన, నాయినకు తగ్గుతది' అని ఊరంత చెప్పుకుంట తిరిగె. ఇమాం కాసీం బోడిగనే నిలవడె." కళ్లు తుడుచుకుంది. "ఒక పీరుకు కట్టిన దట్టీ ఇంకో పీరుకు ఎక్కదురా పిచ్చోడా. పో, నీ మొక్కేదో తీర్చుకొని రా. తినిపోదువు."

నూరుద్దీన్ వెనక్కి చూడకుండా డ్యాము మెట్లెక్కాడు. చూస్తే దిగి వస్తాడని అతనికి తెలుసు.

*

కంట్రోల్ రూమ్ వాకిట్లో ఆపరేటర్ భిక్షపతి ఇత్తడి బిందె తోముతున్నాడు. చేతికి నాడ, పీర్ల మొక్కు దారం, కట్టుకున్నాడు. కాళ్లకు చెప్పులు లేవు.

"దట్టీలా? ఈడెవలున్నరు కొనెతందుకు?"

"లోపల మేడం తెప్పించింది."

"ఆమెనా?" భిక్షపతి గొంతు తగ్గించాడు. "మడమల చెప్పులేసుకొని మిషన్ కాడికి పోయింది. ఇడువుమంటే ఇనలే. సరే పో. జర జల్ది రా, మా ఊరి పీరు ఈడికే వస్తది. వరద నాడు నేను బతికి బయటపడ్డ. ఈ గడప ముందట పీరు మోసేటోని కాళ్ల మీద నీళ్లు పోస్తనని మొక్కిన. ఈడ నీళ్లు పోసినంకనే పీరు వాగు దిగుతది."

నూరుద్దీన్ చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు.

చల్లటి గది. ఏసీ గుర్రుమంటోంది. ఒక మూలన సర్వర్, దాని మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు. దాని ముందు తెల్ల చీర, నల్ల కళ్లద్దాలు, ఎర్రగా మెరిసే గోళ్లు. మెడలో వేలాడే కార్డు మీద 'మిస్ జేన్'.

"గుండం ఆరిందా?" అని గుర్తుమాట అడిగాడు నూరుద్దీన్.

"ఇంకా నిప్పు మీదున్నది," అంది ఆమె. కళ్లద్దాలు తీసింది. దేవరకొండ క్రైస్తవ మిషన్ కాంపౌండ్‌లో పుట్టిన జానమ్మ కళ్లు నవ్వాయి. "లేట్ చేశావ్. పాస్‌వర్డ్ కొట్టాను. కూర్చో."

"ఎక్కడ మార్చారు?"

"సిస్టమ్ ప్రొఫైల్. రీనర్ చెప్తే నేనే మార్చాను. లేకుంటే నన్ను నమ్మేవాడు కాదు."

నూరుద్దీన్ ల్యాప్‌టాప్ తగిలించాడు. ప్రొఫైల్ ఫైలు తెరిచాడు. ఉంది. ప్రాక్సీ వేరియబుల్ ఎదురుగా ముక్కూ మొహం తెలియని ఒక అడ్రస్. ఊదుదానిలో చిటికెడు ఊదు వేశాడు. పొగ లేచింది. అడ్రస్ చదివాడు.

"షాద్‌నగర్ లీజు లైను," అంది ఊదుదాని, కాటమయ్య గొంతుతో. "పాత ఊక మిల్లు షెడ్డు. మనోళ్లను పంపుతున్న."

"మూడు దాటేదాకా తలుపు కొట్టొద్దు సార్. ప్రాక్సీ ఆగితే గేట్లు లేస్తయ్."

"నాకే చెప్తవా? పని కానియ్."

నూరుద్దీన్ దొంగ అడ్రస్ చెరిపాడు. డిపార్ట్‌మెంటు ప్రాక్సీ అడ్రస్ రాశాడు. సేవ్. లాగౌట్. మళ్లీ లాగిన్. వేరియబుల్ చూశాడు. సరైన అడ్రసే. హైదరాబాద్ మిషన్‌ను అడిగి చూశాడు. స్క్రీన్ మీద జవాబు వచ్చింది.

ఎగువ నీరు: సున్నా.

నూరుద్దీన్ తలెత్తాడు. కిటికీలోంచి వాగు కనిపిస్తోంది. జనం చీమల్లా ఉన్నారు. నడుమ ఎర్రటి మచ్చ, అక్క చాప. దూరంగా డప్పులు మొదలయ్యాయి. గోడ గడియారంలో పెద్ద ముల్లు నిట్టనిలువు కావడానికి దగ్గర పడింది.

"అయిపోయింది," అంది జానమ్మ. "ఇక వెళ్లు. వెళ్లి మీ అక్క దగ్గర కూర్చో."

నూరుద్దీన్ కదల్లేదు.

అక్క సంగతి అతను ఆమెకు చెప్పలేదు.

అక్క అనే మాట వెంటే అక్క నవ్వు గుర్తొచ్చింది. నా దట్టీ కట్టిన అని ఊరంతా చెప్పుకుంట తిరిగె. ఇమాం కాసీం బోడిగనే నిలవడె.

ఒక పీరుకు కట్టిన దట్టీ ఇంకో పీరుకు ఎక్కదు.

ప్రొఫైల్ ఎవరు చదువుతారు? లాగిన్ అయిన మనిషి. తాను లాగిన్ అయ్యాడు, తనకు సరైన అడ్రస్ వచ్చింది. గేట్లు లేపేది తాను కాదు. ఆటోమేషన్ జాబ్. జాబ్ ఎన్నడూ లాగిన్ కాదు. దానికి దాని ఎన్విరాన్‌మెంట్ వేరే ఉంటుంది. కట్టింది తన పీరుకు. వాగును ముంచే పీరు పక్కనే ఉంది.

వేళ్లు తమంతట తామే కదిలాయి. ఆటోమేషన్ టూల్ తెరిచాడు. మూడు గంటల జాబ్. దాని సొంత సెట్టింగులు. అక్కడ ప్రాక్సీ ఎదురుగా అదే షాద్‌నగర్ అడ్రస్, పడగ ఎత్తిన పాములా కూర్చుని ఉంది.

చెవి వెనక చల్లటి ఇనుము ఆనింది.

"అది చూడకుండా వెళ్లిపోతే బాగుండేది, నూరుద్దీన్," అంది జానమ్మ. "ప్రొఫైల్‌లో పెట్టింది నీ కోసమే. కాటమయ్య ఎవరినో పంపుతాడని తెలుసు. ఏదో ఒకటి దిద్దితే తృప్తిగా పోతాడనుకున్నా."

"లింగస్వామికి చాయ్ పోసింది నువ్వేనా?"

"చక్కెర ఎక్కువేసి తాగేవాడు."

"నువ్వెవరి దిక్కు?"

"ప్రాక్సీని. మధ్యవర్తికి ఏ ఇల్లూ సొంతం కాదు. చేతులు పైకెత్తు."

ఎత్తాడు. స్క్రీన్ మీద కర్సర్ ఆ అడ్రస్ పక్కనే కొట్టుకుంటోంది. చేయి చాపితే అందే దూరం. కింద ఎక్కడో గేట్ల మోటార్లు గుర్రుమన్నాయి. జాబ్ ముందుగా మోటార్లను వేడెక్కిస్తుంది. గోడ సన్నగా వణికింది. బల్ల మీద పెన్ను దొర్లి కింద పడింది.

"మీ ఊరోళ్లు సుత ఉన్నరు వాగుల," అన్నాడు నూరుద్దీన్.

"నాకు ఊరు లేదు," అంది ఆమె. గొంతు మారలేదు. పిస్టల్ కదల్లేదు.

డప్పులు దగ్గరికి వచ్చాయి. మెట్ల మీద వందల కాళ్లు. ఊదు వాసన ఏసీ గదిలోకి దూరింది. అద్దాలు అదిరాయి.

"దూలా! అసోయ్ దూలా!" పీరు వెంట జనం కేకలు.

తలుపు భళ్లున తెరుచుకుంది. భిక్షపతి బిందె చంకన పెట్టుకుని, కళ్లు మూతలు పడుతూ, పూనకంలో ఉన్నాడు.

"పీరొచ్చింది! జరుగుండ్రి! పీరు గడపకొచ్చింది!"

అతని వెనక, తలుపు నిండా, ఎర్రని పచ్చని దట్టీల నడుమ వెండి చెయ్యి మెరుస్తూ ఇమాం కాసీం పీరు నిలబడింది.

రీనర్ జానమ్మకు అన్నీ నేర్పాడు. చీకట్లో పిస్టల్ విప్పి బిగించడం నేర్పాడు. నాలుగు భాషల్లో అబద్ధం చెప్పడం నేర్పాడు. కాని ఈ దిక్కున పుట్టిన ఆడది, ఏ మతపుదైనా, పీరు గడపకొస్తే బోడినెత్తితో నిలబడదు. ఆలోచించి చేసే పని కాదది. ఒళ్లు చేస్తుంది. జానమ్మ కుడి చెయ్యి పిస్టల్‌తో సహా లేచి కొంగు అందుకుంది. నెత్తిమీదికి లాక్కుంది. చూపు నేలకు దిగింది.

ఆ క్షణంలోనే పైకెత్తి ఉన్న నూరుద్దీన్ చెయ్యి కూడా నెత్తి కప్పుకునే దస్తీ కోసం భుజం మీదికి దిగింది. సగంలో దాన్ని పిస్టల్ వైపు తిప్పాడు.

మణికట్టు మెలిక తిరిగింది. పిస్టల్ సర్వర్ కిందికి జారింది. మడమల చెప్పు విరిగి జానమ్మ గోడకు కొట్టుకుంది. భిక్షపతి వీళ్లను చూడనే లేదు. గడపలో పీరు మోసేవాడి కాళ్ల మీద బిందె కుమ్మరిస్తున్నాడు.

నూరుద్దీన్ ఒక చేత్తో ఆమెను గోడకు అదిమి, రెండో చేత్తో కీబోర్డు అందుకున్నాడు. ఒంటి చేత్తో పాత అడ్రస్ చెరిపాడు. కొత్తది కొట్టాడు. ఒక అంకె తప్పు పడింది. వెనక్కి వెళ్లి దిద్దాడు. మోటార్ల గుర్రు అరుపయింది. గడియారం గంట కొట్టడం మొదలుపెట్టింది.

ఒకటి. రెండు.

సేవ్.

మూడు.

స్క్రీన్ నల్లబడింది. కింద ఒక గేటు ఇనుము కిర్రుమంది. నూరుద్దీన్ కళ్లు కిటికీ వైపు, ఎర్రటి మచ్చ వైపు తిరిగాయి.

స్క్రీన్ వెలిగింది.

ఎగువ నీరు: సున్నా. గేట్లు: బంద్.

మోటార్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. ఊదుదాని పొగ లేకుండానే అరిచింది, "తలుపు కొట్టినం! రీనర్ దొరికిండు! ఆడ ఎట్లున్నది?"

"ఎండగున్నది సార్," అన్నాడు నూరుద్దీన్.

డప్పులు మెట్లు దిగి వాగు వైపు పోతున్నాయి. జానమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కొంగు ఇంకా నెత్తిమీదే ఉంది. తడిమి చూసుకుని, తనలో తాను నవ్వింది.

"అవ్వ నేర్పింది," అంది. ఈసారి గొంతు దేవరకొండది. "ఎన్ని దేశాలు తిరిగినా పోలే, చూడు."

చీఫ్ జీపు వచ్చేదాకా ఆమె కొంగు తీయలేదు.

*

మర్నాడు పొద్దున నూరుద్దీన్ గడ్డం తీసేసి డ్యాము దగ్గరికి పోయాడు. భిక్షపతి ఇత్తడి బిందె అడిగి తీసుకుని జలాశయంలో ముంచాడు. భుజాన పెట్టుకుని పెద్దమడుగు దాకా నడిచి, అక్క గడప ముందు దించాడు.

ఇక్బాల్ బీ అమ్ముడుపోని దట్టీలు మడత పెడుతోంది. బిందె వైపు చూసింది.

"ఏడివిరా ఇవి?"

"డ్యామువి."

"నిన్న చెలిమె తోడలేక సస్తుంటే ఒక్కడు బిందెడు ఇడువలే. పండుగ ఒడిసినంక తెచ్చినవా?" మూతి తిప్పింది. "నువ్వు సుత సర్కారోని లెక్కనే ఉన్నవు."

నూరుద్దీన్ కాదనలేదు.